పైన కుండ, కింద పొయ్యి

యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895లో భీమవరంలో పుట్టారు. మద్రాసులో వైద్యం చదివారు. శస్త్రచికిత్స గదిలోకి ఖద్దరు బట్టలతో వెళ్ళినందుకు ఆచార్యుడికి కోపం వచ్చింది. ఎం.బి.బి.ఎస్. రావలసిన చోట అంతకంటే చిన్నదైన ఎల్.ఎం.ఎస్. పట్టా చేతికొచ్చింది. దాంతో సర్కారు వైద్యశాఖలో చేరాలని ప్రయత్నించినా కుదరలేదు. అప్పుడు ఆయనకు చోటిచ్చింది ఒక ఆయుర్వేద కళాశాల. మద్రాసులో డాక్టర్ ఆచంట లక్ష్మీపతి గారి కళాశాలలో సుబ్బారావు గారు శరీర నిర్మాణశాస్త్రం పాఠాలు చెప్పారు.

ఆ తరగతి గదిని నేను చాలాసార్లు ఊహించుకున్నాను. ముందు కూర్చున్న కుర్రవాళ్ళు చరక, సుశ్రుతుల పాఠం చదువుతున్నవాళ్ళు. చెప్పే ఆయన ఇంగ్లీషు పుస్తకాలు చదివి, శవాన్ని కోసి చూసి వచ్చినవారు. ఉదరవితానం కింద, ఎడమ పక్కకు ఒదిగి, కొడవలిలా వంపు తిరిగిన ఆ కండర సంచిని చూపిస్తూ ఆయన దాన్ని ఏమని పిలిచి ఉంటారు? ఆమాశయం అనా?

చిన్న మాటే, కానీ అందులో పెద్ద చిక్కుముడి ఉంది. హిందీ పాఠ్యపుస్తకం తెరిస్తే స్టమక్‌కు ఆమాశయం అనే రాసి ఉంటుంది. కన్నడంలో జఠర అంటారు. మన తెలుగు పిల్లలు జీర్ణాశయం అని చదువుకుంటారు. ఆమం అంటే పచ్చిది, ఇంకా ఉడకనిది. ఆశయం అంటే ఉండే చోటు. హిందీ పిల్లవాడికి అది అరగని తిండి ఉండే చోటు, తెలుగు పిల్లవాడికి అరిగే చోటు. అవయవం ఒకటే, పేర్లు మాత్రం ఎదురెదురు దిక్కుల్లో చూస్తున్నాయి. ఈ రెండింట్లో ఏది ఒంట్లో నిజంగా జరిగేదానికి దగ్గర అని అడిగితే, పాత పేరే కొంత దగ్గరగా ఉందని నాకనిపిస్తుంది. ఎందుకో చెప్పడానికి ముందు వంటింట్లోకి వెళ్ళాలి.

అన్నం అరగడాన్ని చరక సంహిత అన్నం వండడంతో పోల్చింది. గిన్నెలో బియ్యం, నీళ్ళు పోసి పొయ్యి మీద పెడితే కింది నిప్పు వాటిని ఎలా ఉడికిస్తుందో, ఆమాశయంలో చేరిన తిండిని కింద ఉన్న అగ్ని అలా వండుతుంది. ఈ పోలికలో అసలు విషయం అగ్ని ఉన్న చోటు. ఆమాశయం కుండ మాత్రమే. నిప్పు కుండలో ఉండదు, దాని కింద ఉంటుంది. ఆ నిప్పు ఉండే చోటికి గ్రహణి అని పేరు. నాభికి పైన ఉంటుందనీ, అరగని తిండిని పట్టి ఆపుతుందనీ, అరిగినదాన్ని కిందికి వదులుతుందనీ చెప్పారు. పట్టుకునేది కాబట్టి గ్రహణి. సుశ్రుతుడు దీన్నే ఆమాశయానికీ పక్వాశయానికీ నడుమ ఉండే పిత్తధర కళ అన్నాడు. పక్వాశయం అంటే వండడం పూర్తయినది చేరే చోటు, స్థూలంగా పెద్ద పేగు ప్రాంతం. పచ్చిది పైన, నిప్పు నడుమ, పండినది కింద. ఈ వరుస అర్థమైతే ఆయుర్వేదంలో జీర్ణక్రియ సగం అర్థమైనట్టే.

ఇప్పుడు ఈ వరుసను నేటి శరీరశాస్త్రం పక్కన పెట్టి చూద్దాం.

తిన్నది ఆహారవాహిక గుండా జీర్ణాశయంలో పడుతుంది. ఖాళీగా ఉన్నప్పుడు పిడికిలిలో ఇమిడిపోయే ఈ సంచి భోజనం తర్వాత లీటరు, లీటరున్నర దాకా సాగుతుంది. లోపలి గోడలోని గ్రంథులు రోజుకు సుమారు 2 లీటర్ల జఠర రసం ఊరుస్తాయి. అందులో హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉంటుంది, మాంసకృత్తులను ముక్కలు చేసే పెప్సిన్ ఉంటుంది. గోడలోని కండరాలు నిమిషానికి 3 అలల చొప్పున పైనుంచి కిందికి పిసుకుతూ, కవ్వంతో చిలికినట్టు చిలుకుతాయి. ఇంత హడావుడి చూసి అరుగుదల అంతా అక్కడే అయిపోతుందనుకుంటాం. కానీ అక్కడ జరిగేది ప్రధానంగా నిల్వ, నూరడం, కలపడం, క్రిముల్ని చంపడం. మాంసకృత్తుల పని అక్కడ మొదలవుతుందంతే. పిండిపదార్థాలు, కొవ్వులు, మాంసకృత్తులు పూర్తిగా విడిపోయేది జీర్ణాశయం దాటాక, ఆంత్రమూలంతో మొదలయ్యే చిన్న పేగులో. కాలేయం నుంచి పైత్యరసం, క్లోమం నుంచి క్లోమరసం వచ్చి కలిసేది ఆంత్రమూలంలోనే. అసలు పొయ్యి అక్కడుంది, కుండకు కింద.

ఇందుకు తిరుగులేని రుజువు శస్త్రచికిత్స బల్ల మీద దొరికింది. 1897లో జ్యూరిక్‌లో కార్ల్ ష్లాటర్ అనే శస్త్రవైద్యుడు కేన్సర్ సోకిన ఒక మహిళ జీర్ణాశయాన్ని మొత్తంగా తీసేసి, ఆహారవాహికను నేరుగా పేగుకు కలిపి కుట్టాడు. ఆమె ఏడాదికి పైగా బతికింది, తిన్నది అరిగించుకుంది. నేడు జీర్ణాశయం కేన్సర్‌కు ఈ శస్త్రచికిత్స చేయించుకుని ఏళ్ళ తరబడి బతుకుతున్నవాళ్ళున్నారు. కొంచెం కొంచెంగా, ఎక్కువసార్లు తింటారు. కుండ పోయింది కాబట్టి ఒకేసారి ఎక్కువ వడ్డించుకోలేరు, కానీ పొయ్యి మాత్రం వెలుగుతూనే ఉంటుంది. వాళ్ళకు తప్పనిసరిగా విడిగా ఇవ్వవలసింది బి12 విటమిన్. ఆమ్లాన్ని ఊర్చే కణాలే ఇంకొక పదార్థాన్ని కూడా తయారుచేస్తాయి. అది తోడు లేకపోతే పేగు చివర బి12 ఒంటికి దాదాపు పట్టదు. ఆ ఒక్క పని ఇంకెవరూ చేయలేరు. జీర్ణాశయంలో ఇలాంటి సంగతి ఉంటుందని ఏ ప్రాచీన గ్రంథమూ ఊహించలేదు, ఊహించే వీలూ లేదు.

గ్రహణి చేస్తుందన్న పట్టి ఆపడం కూడా ఒంట్లో జరుగుతుంది. జీర్ణాశయం అడుగున బిగువైన కండర ద్వారం ఉంది. జావగా మారి, 2 మిల్లీమీటర్ల కంటే చిన్న రేణువులైన తిండినే అది కొద్దికొద్దిగా కిందికి పోనిస్తుంది. పెద్ద ముక్కల్ని వెనక్కి నెట్టి మళ్ళీ నూరమంటుంది. ఈ ద్వారానికి ఆజ్ఞలిచ్చేది ఎక్కువగా కింద ఉన్న ఆంత్రమూలమే. ఆమ్లం మోతాదు మించినా, నూనె ఎక్కువైనా హార్మోన్లు పంపి పైనున్న సంచిని నెమ్మదించమంటుంది. పెళ్ళి భోజనంలో నేతి బూరెలు తిన్న రోజు సాయంత్రం దాకా కడుపు బరువుగా ఉండటానికి కారణం ఇదే.

ఇక్కడ నేనొక హద్దు గీసుకోవాలి. ఇంత దగ్గరి పోలిక కనబడగానే మనవాళ్ళకు అన్నీ ముందే తెలుసు అనేయాలనే ఉబలాటం పుడుతుంది. దాన్ని నేను గట్టిగా వ్యతిరేకిస్తాను. అలా అనడం చరక, సుశ్రుతులకు గౌరవం కాదు. వాళ్ళు ఏ పనిముట్లతో, ఏ ఆధారాలతో ఆలోచించారో పట్టించుకోకపోవడం అది.

సుశ్రుత సంహిత శారీర స్థానంలో శవాన్ని పరిశీలించే పద్ధతి ఉంది. విషం వల్ల గాని, దీర్ఘవ్యాధి వల్ల గాని చనిపోని మనిషి శరీరం తీసుకోవాలి. పేగుల్లోని మలం తీసేయాలి. గడ్డితోనో నారతోనో చుట్టి, పంజరంలో పెట్టి, మరుగైన చోట పారే నీటిలో ఉంచాలి. ఏడు రాత్రులు గడిచి బాగా నానాక బయటికి తీసి, వట్టివేరు, వెంట్రుకలు, వెదురు వంటి వాటితో చేసిన కుంచెతో మెల్లగా రుద్దుతూ, చర్మం నుంచి లోపలి దాకా ఒక్కొక్క పొరనూ కళ్ళారా చూడాలి. కత్తి పెట్టకుండా శవాన్ని చదివే ఈ ఓపిక చూస్తే నాకు ఒళ్ళు గగుర్పొడుస్తుంది. శాస్త్రం చదవడం ఒక్కటే చాలదు, చూడడం కూడా కావాలని అంత స్పష్టంగా చెప్పిన వైద్య గ్రంథం అది.

ఎముకలకూ, కండరాలకూ, నరాలకూ ఈ పద్ధతి చాలా వరకు పనికొస్తుంది. జీర్ణాశయానికి పనికిరాదు. కారణం 1772లో లండన్‌లో జాన్ హంటర్ రాసిన ఒక వ్యాసంలో దొరుకుతుంది. హఠాత్తుగా చనిపోయినవాళ్ళ శవాల్లో జీర్ణాశయం గోడ తనంతట తానే కరిగిపోయి ఉండడం ఆయన గమనించాడు. బతికున్నంత కాలం తనను తాను కాపాడుకున్న సంచి, ప్రాణం పోగానే తన రసానికి తానే ఆహారమవుతుంది. ఒంట్లో అన్నింటికంటే ముందు చెడే భాగాల్లో ఆ లోపలి పొర ఒకటి. ఏడు రాత్రులు నీళ్ళలో నానిన దేహంలో సుశ్రుతుడి శిష్యుడికి సంచి కనిపించి ఉండవచ్చు, దాని చోటు తెలిసి ఉండవచ్చు. రసం ఊరే గ్రంథులున్న పొర మాత్రం కుంచె తగిలే సరికే ఉండదు.

అందుకే వాళ్ళు చనిపోయిన ఒంట్లో చూడలేనిదాన్ని బతికున్న ఒంట్లో వెతికారు. వాంతిలో వచ్చినదాని రుచి, త్రేన్పు వాసన, మలం రంగు, బరువు, నీళ్ళలో మునుగుతుందా తేలుతుందా, తిన్న ఎంతసేపటికి ఆకలి వేస్తుంది, ఎప్పుడు నొప్పి వస్తుంది. వాటి నుంచి లోపల ఏం జరుగుతోందో ఊహించారు. ఆమాశయం ఈ ఊహ నుంచి పుట్టిన మాట. దానికి మనం ఇప్పుడనుకునే అంచులు లేవు. చరకుడు నాభికీ స్తనాలకూ మధ్య చోటంతా ఆమాశయమే అన్నాడు. సుశ్రుతుడు ఏడు ఆశయాలు లెక్కపెట్టి, స్త్రీలకు గర్భాశయం ఎనిమిదోది అన్నాడు. వాటిలో వాతాశయం, పిత్తాశయం, శ్లేష్మాశయం కూడా ఉన్నాయి. కోసి చూపించగల ముక్కలు కొన్ని, జరిగే పనికి పెట్టిన పేర్లు కొన్ని.

ఈ ఇద్దరి మధ్యే తేడాలున్నాయి. పిత్తానికి ముఖ్యమైన చోటు ఆమాశయమని చరకుడంటే, కఫానికి చోటు ఆమాశయమనీ, పిత్తం దానికీ పక్వాశయానికీ మధ్య ఉంటుందనీ సుశ్రుతుడన్నాడు. తర్వాతి వ్యాఖ్యాతలు ఆమాశయంలో పైభాగం, కిందిభాగం అని విడదీసి రాజీ కుదిర్చారు. ఒకే నిర్మాణాన్ని ఇద్దరూ కోసి చూసి ఉంటే ఇంత వాదం ఉండేది కాదు.

నేటి వైద్యం కూడా ఈ సంచి రహస్యాన్ని బతికున్న ఒంట్లోనే పట్టుకుంది. ఫ్రాన్సులో రొమూర్ 1752లో ఒక గద్ద చేత రెండు వైపులా వల కట్టిన చిన్న లోహపు గొట్టాలు మింగించాడు. అరగనిదాన్ని కక్కేయడం ఆ పక్షి అలవాటు. బయటపడ్డ గొట్టంలో మాంసం కరిగి ఉంది. లోహపు గొట్టంలో ఉన్నదాన్ని ఏ కండరమూ నూరలేదు కాబట్టి, కరిగించింది ఏదో రసమే అయి ఉండాలి. ఇటలీలో స్పల్లాంజానీ ఇంకో అడుగు ముందుకేసి, గుడ్డ సంచుల్లో తిండి కట్టి తానే మింగాడు. పరగడుపున తనంతట తానే కక్కి తెచ్చిన రసాన్ని గాజు గొట్టంలో పోసి, వెచ్చగా ఉంచి, అందులో మాంసం కరుగుతుందో లేదో చూశాడు. 1824లో విలియం ప్రౌట్ ఆ రసంలోది హైడ్రోక్లోరిక్ ఆమ్లమని తేల్చాడు. 1836లో థియోడోర్ ష్వాన్ పెప్సిన్‌ను పట్టుకున్నాడు.

వీళ్ళందరికంటే ఎక్కువ నేర్పినవాడు శాస్త్రవేత్త కాడు. 1822 జూన్ 6న అమెరికాలోని మాకినాక్ దీవిలో అలెక్సిస్ సెయింట్ మార్టిన్ అనే యువకుడికి పొరపాటున తుపాకీ గుండు తగిలింది. బొచ్చు తోళ్ళ వ్యాపారంలో పడవలు నడిపే పేద కూలీ అతను. బతికాడు గానీ గాయం మానే క్రమంలో జీర్ణాశయానికి బయటి నుంచి ఒక రంధ్రం మిగిలిపోయింది. సైనిక వైద్యుడు విలియం బోమాంట్ ఏళ్ళ తరబడి ఆ రంధ్రంలోంచి చూశాడు. దారానికి మాంసం ముక్కలు కట్టి లోపలికి వదిలి, గంటకోసారి లాగి చూశాడు. రసం తిండి తగిలినప్పుడే ఊరుతుందనీ, మనిషి కోపంలో ఉంటే లోపలి పొర తీరే మారిపోతుందనీ 1833లో అచ్చువేసిన పుస్తకంలో రాశాడు. ఆ జ్ఞానానికి సెయింట్ మార్టిన్ చెల్లించిన ధర నన్ను ఎప్పుడూ బాధపెడుతుంది. అతను ఆ వైద్యుడి ఇంట్లో పనివాడు కూడా. కాదనే శక్తి ఎంతుండేదో మనం ఊహించుకోవచ్చు. 1880లో అతను చనిపోయినప్పుడు వైద్యులు ఆ జీర్ణాశయాన్ని కోరతారన్న భయంతో, ఇంటివాళ్ళు శవం కుళ్ళేదాకా ఉంచి, మామూలు కంటే లోతుగా పాతిపెట్టారు.

ఆయుర్వేదం చెప్పిన మూడు దశలను ఈ జ్ఞానం వెలుగులో చూస్తే పోలికతో పాటు తేడా కూడా బయటపడుతుంది. తిన్నది మొదట తీపిగా మారి నురుగులాంటి కఫాన్ని పుట్టిస్తుందనీ, తర్వాత సగం ఉడికి పుల్లబడి ఆమాశయం నుంచి జారుతున్నప్పుడు పలుచని పిత్తం వస్తుందనీ, చివరికి పక్వాశయంలో ఎండి ముద్దకట్టి కారమై వాయువును పుట్టిస్తుందనీ చరకుడంటాడు. మొదటిది చాలావరకు సరిపోతుంది. అన్నం నములుతుంటే తియ్యబడడం మనందరికీ తెలుసు. లాలాజలం పిండిపదార్థాన్ని చక్కెరగా మార్చే పని, ఆమ్లం ముద్ద లోపలికి పాకేదాకా జీర్ణాశయం పైభాగంలోనూ సాగుతుంది. మూడోదీ కొంత సరిపోతుంది. పెద్ద పేగులో నీరు పీల్చుకోవడం, సూక్ష్మజీవులు మిగిలినదాన్ని పులియబెట్టి వాయువులు పుట్టించడం నిజమే. రెండో దశలోనే దారి వేరవుతుంది. పులుపు జీర్ణాశయంలో ఎక్కువ. అది దాటగానే క్లోమరసంలోని క్షారం పులుపును విరిచేస్తుంది. పిత్తం పులుపుతో కలిసి నడుస్తుందన్న ఊహకు ఇది ఎదురు. పైత్యరసం చేదు, పులుపు కాదు. వాంతిలో పులుపు ముందొచ్చి, ఆ తర్వాత పచ్చటి చేదు రావడం చూసినవాళ్ళు రెండింటినీ ఒకే గాటన కట్టారని నాకనిపిస్తుంది.

ఒకే సంచిలో కఫాన్నీ పిత్తాన్నీ చూడడం మాత్రం మంచి పరిశీలన. తిండిని తడిపే క్లేదక కఫం ఆమాశయంలో ఉంటుందన్నారు. ఇనుమును కూడా మెల్లగా తినేయగల ఆమ్లం పక్కన జీర్ణాశయం గోడ చెక్కుచెదరకుండా ఉండేది ఒక జిగురు పొర వల్ల. ఆ పొరలో బైకార్బనేట్ ఉంటుంది. దాని కింది కణాలు కొద్ది రోజులకోసారి పూర్తిగా కొత్తవవుతాయి. కాల్చేదీ కాపాడేదీ ఒకే గోడలోంచి పుడతాయి. కానీ కఫం అంటే ఈ జిగురే, పిత్తం అంటే ఈ ఆమ్లమే అని సమీకరణం రాస్తే తప్పు చేసినట్టే. కఫ పిత్తాలు ఒళ్ళంతా వ్యాపించే గుణాలు. ఒక సీసాలో పోసి చూపించేవి కావు.

పేర్లను అలా అతికించడం వల్ల జరిగిన నష్టం మన పాఠ్యపుస్తకాల్లోనే ఉంది. పాంక్రియాస్‌ను తెలుగులో క్లోమం అన్నాం. పాత గ్రంథాల్లో క్లోమం ఏ అవయవమో పండితులకే తేలలేదు. ఊపిరితిత్తి అన్నవాళ్ళున్నారు, పైత్యపు సంచి అన్నవాళ్ళున్నారు, గొంతు దగ్గరిదన్నవాళ్ళూ ఉన్నారు. ఇప్పుడు పిత్తాశయం అంటే పైత్యరసం నిల్వ ఉండే సంచి. సుశ్రుతుడి పిత్తాశయం అది కావలసిన అవసరం లేదు. కలకత్తాలో గణనాథ సేన్ ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్ళలో ప్రత్యక్ష శారీరం అని సంస్కృతంలో ఆధునిక శరీర నిర్మాణ గ్రంథమే రాశారు. కోసి చూసినదానికి సరిపోయేలా పాత మాటల్ని కొత్తగా నిర్ణయించారు. అది పెద్ద పని, ధైర్యమైన పని. కానీ దాని తర్వాత పాత మాటలో పాత అర్థం ఎంత మిగిలిందో వెతుక్కోవలసి వస్తోంది.

వంటింట్లో ఇంకా బతికున్న ఒక లెక్క చూడండి. కడుపులో మూడు భాగాలు ఊహించుకుని ఒకటి గట్టి తిండికి, ఒకటి ద్రవానికి, ఒకటి వాత పిత్త కఫాలు తిరగడానికి వదలమన్నాడు చరకుడు. వాగ్భటుడు నాలుగు భాగాలు చేసి రెండు అన్నానికి, ఒకటి నీటికి, ఒకటి ఖాళీగా అన్నాడు. మన ఇళ్ళలో పెద్దవాళ్ళు చెప్పే సగం అన్నం, పావు నీళ్ళు, పావు ఖాళీ ఇదే. ఎక్స్‌రే తీస్తే జీర్ణాశయం పైభాగంలో నిజంగానే ఒక గాలి బుడగ నల్లగా కనిపిస్తుంది. ముద్ద గొంతు దిగుతుంటే ఆ పైభాగం ముందే వదులై చోటిస్తుంది. గొంతు దాకా తింటే ఆ వదులుకు హద్దు దాటి, పై ద్వారం సడలి, పులుపు ఛాతీలోకి ఎగదన్నుతుంది. గుండెల్లో మంట అని మనమనేది గుండెది కాదు, ఆహారవాహికది.

నొప్పి విషయంలో పాత వైద్యుల పరిశీలన నన్ను ఆశ్చర్యపరుస్తుంది. సుమారు 7, 8 శతాబ్దాల నాటి మాధవ నిదానంలో పరిణామ శూల అనే జబ్బు ఉంది. అన్నం అరుగుతున్న వేళ వచ్చి, మళ్ళీ ఏదైనా తింటే తగ్గే నొప్పి. భోజనమైన రెండు మూడు గంటలకు నొప్పి, తింటే ఉపశమనం అని ఆంత్రమూలంలోని పుండు గురించి నేటి వైద్య విద్యార్థి రాసుకునేది దాదాపు ఇదే. లక్షణం ఇంత చక్కగా పట్టారు. కారణం మాత్రం దోషాల్లో వెతికారు. నేటి వైద్యం కూడా ఇటీవలి దాకా తప్పే చెప్పిందని గుర్తుంచుకోవాలి. పుండుకు కారణం దిగులు, కారం, ఆమ్లం అని ఎన్నో ఏళ్ళు బోధించింది. ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో రాబిన్ వారెన్, బారీ మార్షల్ జీర్ణాశయపు జిగురు పొరలో వంకర బాక్టీరియాను చూశారు. 1982 ఈస్టర్ సెలవుల్లో, మామూలుగా రెండు రోజులకే పారేసే, బాక్టీరియాను పెంచే పళ్ళాలు ఎక్కువ రోజులు ఉండిపోవడంతో అది మొలిచింది. ఎవరూ నమ్మకపోతే 1984లో మార్షల్ ఆ బాక్టీరియాను తానే తాగాడు. కొద్ది రోజుల్లో జీర్ణాశయం వాచింది. 2005లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. ఆ క్రిమి పేరు హెలికోబాక్టర్ పైలోరి. యూరియాను అమ్మోనియాగా మార్చి తన చుట్టూ ఆమ్లాన్ని విరుచుకుంటూ బతుకుతుంది.

గుంటూరు కారం తిని పుండు వచ్చిందని ఇప్పటికీ అనుకునేవాళ్ళకు ఒక మాట. కారం మంట పుట్టిస్తుంది, ఉన్న బాధను పెంచుతుంది, అంతేగాని పుండును పుట్టించదు. ఎక్కువగా పుట్టించేవి ఈ బాక్టీరియా, మోకాళ్ళ నొప్పులకూ తలనొప్పికీ దుకాణంలో అడిగి తెచ్చుకుని నెలల తరబడి మింగే నొప్పి బిళ్ళలు. ఆ బిళ్ళలు కాపాడే జిగురు పొర ఊరకుండా చేస్తాయి. శొంఠి, వాము, మజ్జిగ అజీర్తికి హాయినిస్తాయి, నేనూ తీసుకుంటాను. కానీ తారులాంటి నల్లటి విరేచనం, రక్తపు వాంతి, మింగుడు పడకపోవడం, కారణం తెలియకుండా బరువు తగ్గడం కనిపిస్తే ఇంటి వైద్యంతో ఒక్క రోజు కూడా కాలయాపన చేయకూడదు. గొంతులోంచి కెమెరా గొట్టం పంపి చూసే ఎండోస్కోపీ పది నిమిషాల పని. సుశ్రుతుడి కుంచె అందుకోలేని ఆ లోపలి పొర, బతికున్న మనిషిలో, తెర మీద కనిపిస్తుంది.

మళ్ళీ సుబ్బారావు గారి దగ్గరికి. ఆయన జీవితంలో ఈ కుండా పొయ్యీ చాలా దగ్గరగా వచ్చాయి. ఆయన సోదరులు ఇద్దరు స్ప్రూ అనే జబ్బుతో చనిపోయారు. తిన్నది ఒంటపట్టక, నూనె తేలే విరేచనాలై, రక్తహీనతతో మనిషి కరిగిపోయే జబ్బు అది. మన వైద్యులు దాన్ని గ్రహణి, సంగ్రహణి అని పిలిచే జబ్బుల్లో చేర్చారు. అరగని తిండిని పట్టి ఉంచలేక వదిలేసే గ్రహణి. జబ్బు ఉన్న చోటు పేరు వరకు ఇది గురి తప్పలేదు. స్ప్రూలో చెడేది జీర్ణాశయం కాదు, దాని కింది చిన్న పేగు గోడే. లోపల వేళ్ళలా నిలబడి ఆహారాన్ని పీల్చుకునే చూషకాలు చదునై పోతాయి. సుబ్బారావు గారికీ ఆ జబ్బు వచ్చింది. లక్ష్మీపతి గారి ఆయుర్వేద చికిత్సతో కోలుకున్నారని ఆయన జీవితచరిత్రలు చెబుతాయి. గ్రహణికి పాత వైద్యం మజ్జిగను గొప్పగా చెప్పింది. దెబ్బతిన్న పేగు పాలలోని చక్కెరను అరిగించుకోలేదు. పెరుగు తోడుకునేటప్పుడు ఆ చక్కెర కొంత తగ్గుతుంది కాబట్టి మజ్జిగ పాలకంటే తేలిగ్గా పడుతుంది.

1920ల తొలి సంవత్సరాల్లోనే ఆయన ఉష్ణమండల వైద్యం చదవడానికి హార్వర్డ్‌కు వెళ్ళారు. ఇరవై ఏళ్ళ తర్వాత, లెడర్లే ప్రయోగశాలల్లో ఆయన నాయకత్వంలోని బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసి 1945లో ప్రకటించింది. ఆ పదార్థం స్ప్రూ రోగుల రక్తహీనతను తిప్పికొట్టింది. అదే చోట ఆయన అజమాయిషీలో బెంజమిన్ డగ్గర్ నేల బూజులాంటి జీవి నుంచి ఆరియోమైసిన్ తీశాడు. టెట్రాసైక్లిన్ కుటుంబంలో అదే మొదటి మందు. 1948లో ఆ మందు లోకానికి తెలిసింది, ఆ ఆగస్టులోనే సుబ్బారావు గారు 53 ఏళ్ళకు కన్నుమూశారు.

నేటికీ స్ప్రూ అని తేలిన రోగికి వైద్యుడు రాసే చీటీలో ఉండేవి ఫోలిక్ ఆమ్లం, దానితో పాటు టెట్రాసైక్లిన్ రకం మందు, నెలల తరబడి. ఆ మందులతో చదునైన చూషకాలు మళ్ళీ లేచి నిలబడతాయి. వాటిని పడగొట్టే సూక్ష్మజీవి ఇదీ అని మాత్రం ఇంకా ఏ ప్రయోగశాలా కచ్చితంగా తేల్చలేదు.